బాపు విడిచిన రొట్టె

కరీంనగర్‌లో రోగిని చూడబోయేవాళ్ళకు ఒక రివాజు ఉంది. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్ లేకుండా ఎవరూ గడప తొక్కరు. మా అవ్వ, అంటే మా అమ్మ, బుచ్చవ్వ రేడియేషన్ కోసం నా ఇంటికి వచ్చిన వారంలోనే ఫ్రిజ్ మీద బ్రెడ్డు ప్యాకెట్లు కుప్పపడ్డాయి. వాటికి తోడు రస్కులు, బిస్కెట్లు, గ్లూకోజ్ డబ్బాలు. జైనూర్ పక్క పల్లెలో పుట్టి పెరిగిన మా అవ్వ ఆ తెల్లటి ముక్కను పాలల్లో ముంచి, కళ్ళు మూసుకొని మింగేది. దూది నమిలినట్టుంది బిడ్డా అని ఒకసారి అంది. పత్తి ఏరేదానివి, దూది రుచి నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని నేను ఎగతాళి చేశాను. నవ్వబోయి, నవ్వితే పొత్తికడుపు గుంజుతోందని మధ్యలోనే ఆపేసింది.

నా పేరు సృజన. ముందు గదిలో మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడతాను. మా ఆయన భానుప్రసాద్ మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. నాకు కోపమెక్కువని ఇంటా బయటా ఒక మాట ఉంది. కోపం కాదు, నాకు నాన్చుడు పడదు. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టాలి గానీ, గుడ్డ ముందేసుకొని ఏడిస్తే ఏం లాభం? అవ్వకు గర్భసంచి ముఖద్వారం దగ్గర కాన్సర్ అని తేలినప్పుడు కూడా నేను అలాగే అనుకున్నాను. ఆపరేషన్ చేసే దశ దాటింది కానీ రేడియేషన్‌తో తగ్గే అవకాశం బాగానే ఉందని పెద్ద డాక్టర్ చెప్పాడు. ఒక్కటే షరతు పెట్టాడు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే రోగానికి ఊపిరి పోసినట్టే అన్నాడు. ఆపేదెవరు, నేనుండగా అనుకున్నాను.

రోజూ పొద్దున ఆటోలో ముగ్గురం దవాఖానకు పోయేవాళ్ళం. అవ్వ, నేను, మా నాన్న హనుమండ్లు. ఆయన్ను నేను బాపు అంటాను. అక్కడ వరండాలో అందరి చేతుల్లోనూ నీళ్ళ సీసాలే. మిషన్ కింద పడుకునే ముందు మూత్రసంచి నిండుగా ఉండాలి. అది నిండితే పేగులు పక్కకు జరుగుతాయట, కిరణాల దెబ్బ వాటికి తక్కువ తగులుతుందట. అందుకని రోగులందరూ కడుపు నిండా నీళ్ళు తాగి, బిగబట్టుకొని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని తలుపు వైపు చూస్తూ ఉండేవాళ్ళు. అవ్వ పొట్ట మీద రంగుతో గీతలు గీశారు, అవి చెరిగిపోకూడదన్నారు. సర్వేయర్ వచ్చి నా పొట్టకు హద్దులు పెట్టిపోయిండని అవ్వ పక్కనున్న ఆడవాళ్ళను నవ్వించేది. మొదటి రెండు వారాలు అలా నవ్వుతూనే గడిచాయి.

బాపు సంగతి చెప్పాలి. ఆదిలాబాద్ వైపు మనిషికి జొన్న రొట్టె తినకపోతే తిన్నట్టే ఉండదు. అందులోనూ మా బాపు మరీ అన్యాయం. వరి బువ్వ కడుపులో నిలవదని, గట్టు దాటేలోపే అరిగిపోతుందని ఆయన లెక్క. నా పెళ్ళిలో అంత విందు పెట్టుకొని, తాను మాత్రం పందిరి వెనక్కి పోయి, తువ్వాలలో చుట్టి తెచ్చుకున్న రొట్టె ఉల్లిగడ్డతో తిన్నాడు. మా అత్తగారు చూసింది. ఆ ముచ్చట ఇప్పటికీ మా అత్తగారింట్లో పండగకొకసారి బయటికి వస్తుంది. అలాంటి మనిషి ఈసారి వచ్చింది మొదలు మూడు పూటలా బువ్వే తింటున్నాడు. తిన్న కాసేపటికే ఆకలికి వాకిట్లో ఇటూ అటూ తిరుగుతున్నాడు, అయినా పెదవి విప్పడం లేదు. నేను రొట్టె కొడితే అంచులు చీలిపోతాయి. బిడ్డను ఎందుకు తిప్పలు పెట్టడమని ఊరుకున్నాడేమో, వయసు పైబడ్డాక బుద్ధి వచ్చిందేమో అనుకొని లోపల సంతోషించాను కూడా.

మూడో వారంలో అవ్వకు విరేచనాలు పట్టుకున్నాయి. కిరణాలు రోగాన్నే కాదు, దారిలో ఉన్న పేగునూ కాలుస్తాయి. ఇది వస్తుందని డాక్టర్ ముందే చెప్పాడు, మాత్రలు రాశాడు. మా వాళ్ళు మాత్రం ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు. పేగు పుండయింది, గరుకైనది ఏదీ పెట్టొద్దన్నారు చూడవచ్చిన వాళ్ళంతా. నాకూ అదే సబబనిపించింది. సన్నబియ్యం మెత్తగా వండి, పలుచటి చల్ల పోసి, పిసికి పెట్టాను. కూరగాయ మానేశాను, పప్పు మానేశాను. పాలు, బ్రెడ్డు, మెతుకులు. వారం తిరిగేసరికి అవ్వ చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

బరువు చూసిన డాక్టర్ మొహం చిట్లించి, ఆహారం సంగతి చూసే మేడం దగ్గరికి పంపించాడు. ఆమె పేరు మమతారాణి. చిన్న గది, బల్ల మీద ప్లాస్టిక్ పండ్లు. అవ్వ ఏం తింటోందో నన్ను అడిగింది. నేను చాలా జాగ్రత్తగా ఉన్నానన్న గర్వంతో అంతా చెప్పాను. ఆమె విని, నన్ను వదిలేసి అవ్వ వైపు తిరిగి, ఊళ్ళో ఏం తినేవారని అడిగింది. అవ్వ మొహం ఒక్కసారి వెలిగింది. రొట్టె, పప్పు, గోంగూరతో చేసే పుండికూర అని చెప్పింది. చెప్పి ఎందుకో బాపు వైపు చూసి తల దించుకుంది.

మేడం చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మన పేగుల్లో కంటికి కనబడని జీవులు కోట్లకొద్దీ కాపురం ఉంటాయి. జొన్నలో, పప్పులో, కూరల్లో ఉండే పీచు మనకు అరగదు. అది వాటి తిండి. అవి దాన్ని తిని, బదులుగా పేగు గోడకు బలమిచ్చే సరుకు తయారుచేస్తాయి. ఇటు కిరణాల దెబ్బ, అటు మనం పీచు మానేసి వాటిని పస్తులు పెట్టడం, రెండూ కలిసేసరికి పేగు తట్టుకోలేకపోతుంది.

నాకు ఒళ్ళు మండింది. మా వీధిలో ఒకామెకు కొన్నేళ్ళ కింద ఇదే వైద్యం జరిగితే, పీచు ముట్టుకోవద్దని రాసిచ్చారు. నిన్న వద్దన్నది ఇవాళ కావాలంటే మేమేం కావాలి మేడం అని అడిగేశాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"వద్దన్నది మేమే అమ్మా. అప్పుడు మాకు తెలిసింది అంతే. పీచు మానకుండా తిన్నవాళ్ళ పేగులే మెరుగ్గా ఉన్నయని తర్వాత పరిశోధనల్ల కనపడ్డది. ఇంకా చూస్తనే ఉన్నరు. రొట్టెతోని కాన్సర్ పోతదని నేను అంటలేను. పేగు నిలబడితే వైద్యం ఆగకుంట నడుస్తది, గదీ నా ఆశ."

ఒక్కసారే వద్దు, సగం రొట్టెతో మొదలుపెట్టి, పప్పులో నానబెట్టి, నీళ్ళు బాగా తాగిస్తూ మెల్లగా పెంచమంది. మాత్రలు మానొద్దంది. విరేచనాలు ఎక్కువైతే ఆపి తనకు ఫోన్ చేయమంది.

తలుపు దగ్గర నిలబడ్డ బాపు ఒక అడుగు లోపలికి వేశాడు. కడుపులో మంచి పురుగులూ చెడ్డ పురుగులూ ఉంటాయా మేడం అని అడిగాడు. అలాంటిదే అందామె. బాపు తల ఊపాడు. పత్తి చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేయమని, మిత్ర పురుగులు అందులో నిలుస్తాయని వ్యవసాయ శాఖ సారు ఏటా చెబుతాడట. జాగా దండగని బాపు ఏనాడూ వేయలేదు. మందు మీద మందు కొట్టేవాడు. చెడ్డవాటితో పాటు మంచివీ చచ్చేవి, ఆ మరుసటి నెల తెల్లదోమ చేనంతా కమ్ముకునేది. ఇదంతా ఆయన మేడంకు చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. నాకు మాత్రం పెద్ద బరువు దిగింది. రొట్టె పెడితే చాలంటున్నారు, ఇంతకంటే సులువైన మందు ఉంటుందా?

ఆ సాయంత్రమే జొన్నలు తెచ్చి, గిర్నీలో పట్టించి, నాకు వచ్చినట్టు రొట్టె కొట్టాను. అంచులు చీలాయి, అది వేరే సంగతి. పప్పుతో పాటు అవ్వ ముందు పెట్టాను. బాపు తన కంచం తీసుకొని లేచి బయట మెట్ల మీదికి పోయి కూర్చున్నాడు. అవ్వ రొట్టె వైపు కాసేపు చూసి, కంచం మెల్లగా పక్కకు జరిపింది.

రొట్టె బాగాలేదా అంటే కాదంది. వాసన పడడం లేదా అంటే కాదంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. కరీంనగర్ బయలుదేరిన రోజు, ఊరి పొలిమేర పోచమ్మ దగ్గర ఆగారట. దారికి కట్టుకున్న మూటలోంచి బాపు ఒక రొట్టె తీసి గద్దె మీద పెట్టాడట. బుచ్చవ్వ మంచిగై మళ్ళీ ఈ దారిన వచ్చేదాకా దీన్ని ముట్టనని మొక్కాడట.

మేక మొక్కేవాళ్ళుంటారు, కోడి మొక్కేవాళ్ళుంటారు. మా వైపు ఇష్టమైన తిండిని విడిచిపెట్టేవాళ్ళూ ఉంటారు. అదేమీ ఆషామాషీ మొక్కు కాదు. మా నాయనమ్మ నేను పుట్టినప్పుడు నా ప్రాణం కోసం సీతాఫలం విడిచింది. చుట్టూ అడవినిండా సీతాఫలాలు పండి రాలుతుంటే, ఆమె కన్నుమూసేదాకా ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు మొక్కు విలువ తెలియదని కాదు. కానీ ఆ క్షణంలో మాత్రం నా కోపం నషాళానికంటింది. బయటికి పోయి, బీడీ విడిస్తే దేవికీ మాకూ ఇద్దరికీ మంచిగుండేది కదా బాపూ అని అరిచాను.

"బీడీ ఇడిస్తే ఆమెకేం లెక్క బిడ్డా" అన్నాడు బాపు. "ఇష్టమున్నది ఇయ్యాలె గని."

"మరి అవ్వకు ఇప్పుడు గదే తినుమంటున్నరు."

"తిననీయి. నేను వద్దంటినా? మొక్కు నాది, నీ అవ్వకేం లేదు."

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. నా పేరు మీద విడిచినదాన్ని నేనే తింటే ఇక అది మొక్కెట్లా అవుతుందని. ఆయన మెట్ల మీద మెతుకులు నములుతూ కూర్చుంటే తన గొంతులో రొట్టె దిగదని. చెప్పాల్సింది చెప్పేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

సరే, బాపునే తినమన్నాను. దేవి అర్థం చేసుకుంటుంది, అవ్వ కోసమే కదా అన్నాను. ఆయన కంచం కింద పెట్టాడు.

"నేను ముట్టినంక నీ అవ్వకేమన్న అయితే? గప్పుడు నేను ఎవలకు జెప్పుకోవాలె బిడ్డా?"

నేను ఆయన కంచం తీసుకొని లోపలికి వచ్చేశాను.

ఆ తర్వాత నేను చేయని జిమ్మిక్కు లేదు. జొన్నపిండిని మెత్తటి బువ్వలో కలిపి పెట్టాను, మొదటి ముద్దకే పట్టేసింది. ఓట్స్ తెచ్చాను. ఎడ్లకు నానబెట్టిన తవుడులా ఉందని ఊసేసింది. కూరలు, పండ్లు పెడితే నా మీద జాలితో రెండు ముద్దలు తిని చాలనేది. నోరు చేదైన మనిషి, నాలుక అడిగేది ఒకటే, దానికేమో తాళం పడింది. చివరికి ఊళ్ళో పోచమ్మ దగ్గర దీపం పెట్టే అంజన్నకు ఫోన్ చేశాను. మొక్కు మార్చుకోవచ్చా, రొట్టె బదులు ఇంకేదైనా ఇస్తే సరిపోతుందా అని. ఇచ్చినదాన్ని మళ్ళీ అడిగి తీసుకుంటారా బిడ్డా అని అంజన్న నన్నే అడిగాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. బాపు పక్కనే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆయన బువ్వ కూడా సగమే తిన్నాడు.

ఎంత వింతగా ఉందో చూడండి. ఒకరి ప్రాణం కోసం ఒకరు రొట్టె మానేశారు. ఆ మానడమే ఆ ప్రాణాన్ని తోడేస్తోంది. ఇద్దరిలో ఎవరినీ తిట్టలేను, ఎవరినీ కదపలేను. మిషన్ ముందు కూర్చొని కుడుతుంటే సూది నా వేలిలో దిగింది. ఏడ్చాను. సూది నొప్పికి కాదని నాకు తెలుసు.

నాలుగో వారం చివర అవ్వ వరండాలోనే కళ్ళు తిరిగి కూలబడింది. ఆ రోజు రేడియేషన్ ఇవ్వలేదు. సెలైన్ ఎక్కించారు. ఇలాగే ఉంటే వైద్యం ఆపక తప్పదని, సోమవారం చూసి చెబుతానని పెద్ద డాక్టర్ అన్నాడు. ఆపితే ఏమవుతుందో ఆయన మొదటి రోజే చెప్పి ఉన్నాడు కాబట్టి నేను మళ్ళీ అడగలేదు. సెలైన్ సీసా కింద పడుకొని అవ్వ బాపు చెయ్యి పట్టుకుంది.

"ఇగ సాలు. ఇంటికి తోల్కపో. నా చేను గట్టు మీద కూసుంట కొన్నొద్దులు."

బాపు తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని బయటికి పోయాడు. నాకు అప్పుడు నిజంగా భయమేసింది. అవ్వ పోతుందని మొదటిసారి నమ్మాను.

ఆదివారం దవాఖాన లేదు. పొద్దున నేను ఎవరిదో అర్జెంటు జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. బాపు వాకిట్లో కూర్చొని ఉన్నాడు. వంటింట్లో గిన్నె చప్పుడైతే పిల్లి అనుకొని లేచాను. పిల్లి కాదు, అవ్వ. గోడ పట్టుకొని నడిచి వచ్చి, పీట మీద కూర్చొని, డబ్బాలోంచి జొన్నపిండి పళ్ళెంలోకి తీసుకుంటోంది. నీళ్ళు కాగబెట్టమంది. నేను కొడతాను లెమ్మంటే, నువ్వు కొడితే అది రొట్టె కాదు బిడ్డా అంది. ఆ పరిస్థితిలో కూడా నన్ను వెక్కిరించడం మానలేదు.

వేడినీళ్ళు పోసి పిండి పిసికింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. ముద్ద చేసి, అరచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మీరు వినకపోతే చెప్పి లాభం లేదు. నేను పుట్టినప్పటి నుంచి ప్రతి పొద్దునా విన్న చప్పుడు. బాపు అంతకుముందు నుంచీ విన్నాడు. చప్పుడుకు వాకిట్లోంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు.

రొట్టె పెనం మీద పొంగింది. అంచులు ఎక్కడా చీలలేదు. అవ్వ దాన్ని కంచంలో వేసుకొని, కొంత పప్పు పోయించుకొని, బాపును ఎదురుగా కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు.

"మొక్కు నీది. బతుకెవలది?"

బాపు నేల చూశాడు.

"నాది గదా. నన్ను అడిగి మొక్కినవా? డాక్టర్ నా పొట్ట మీద గీతలు గీసిండు, అడగలే. బిడ్డ బ్రెడ్డు తినిపిచ్చింది, అడగలే. నువ్వేమో గా తల్లి కాడ నా పేరు మీద మాటిచ్చినవ్, నువ్వూ అడగలే. ఇప్పుడు నేను చెప్తున్న ఇను. నా కోసం ఇడిసినవ్, నా కోసమే తిను. నువ్వు తింటేనే నేను తింట. లేకుంటే రేపు దవాఖానకు రాను."

నాకు తెలిసి మా అవ్వ బాపు ముందు అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. బాపు తలెత్తాడు. ఏమన్నా అయితే అని గొణిగాడు, వినీ వినబడనట్టు.

"అయితే నా చేతి మీద అయితది. నువ్వు ముట్టకు. నేను పెడుతున్న."

ముక్క తుంచి, పప్పులో అద్ది, చెయ్యి చాపింది. చాపిన చెయ్యి బలహీనతకు ఊగుతోంది. బాపు ఆ చేతిని ఎంతసేపని ఊగనిస్తాడు? నోరు తెరిచాడు. నమిలాడు. ఆయనకు ప్రాణమైన రొట్టె, దాన్ని మింగడానికి ఆయన పడిన యాతన నేను చూడలేకపోయాను. కళ్ళలోంచి నీళ్ళు కారి మీసాల్లోకి దిగాయి. విడిచిపెట్టడం ఆయనకు ఇంత కష్టం కాలేదు. మింగాక, భయంగా అవ్వ మొహంలోకి చూశాడు, అక్కడ ఏమవుతుందోనని. అవ్వ తన కోసం ఇంకో ముక్క తుంచుకుంది.

సోమవారం డాక్టర్ చూసి, మెల్లగా కొనసాగిద్దామన్నాడు. ఏదో మంత్రం వేసినట్టు అంతా సర్దుకుందని చెబితే అబద్ధం. రెండో రోజే అవ్వకు మళ్ళీ విరేచనాలు ఎక్కువయ్యాయి. బాపు మొహం నల్లబడింది, ఆ పూట కంచం దగ్గరికే రాలేదు. మేడంకు ఫోన్ చేస్తే ఆ రోజుకు ఆపి, మర్నాడు పావు రొట్టెతో మళ్ళీ మొదలుపెట్టమంది. మర్నాడు అవ్వ పావు రొట్టెలో కూడా ముందు ముక్క బాపు నోట్లోనే పెట్టింది. ఆయన తన చేత్తో మాత్రం ఎప్పుడూ తుంచలేదు. కూర్చుంటాడు, నోరు తెరుస్తాడు, నమిలి ఆమె మొహం చూస్తాడు. లేవగానే మొదటి మాట, ఎట్లున్నది అని. ఉన్న ఉన్న, ఇంకా సావలేదని అవ్వ జవాబు. వారం గడిచేసరికి విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. గాజులు మోచేతి నుంచి కిందికి దిగాయి. మధ్యలో తప్పిన ఆ ఒక్క రోజు తప్ప, లోపలి నుంచి ఇచ్చే ఆఖరి రేడియేషన్‌తో సహా అంతా పూర్తయింది.

ఏది పనిచేసిందో నాకు తెలియదు. మాత్రలు అన్నాడు డాక్టర్. మాత్రలతో పాటు పీచు కూడా అంది మేడం, అయినా ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చకూడదని నన్నే హెచ్చరించింది. అన్నింటికంటే పెద్ద పరీక్ష మిగిలే ఉంది. మూడు నెలల తర్వాత స్కానింగ్ తీసి చూస్తే గానీ రోగం పోయిందో లేదో చెప్పలేమన్నారు. మిగిలిన బ్రెడ్డు ప్యాకెట్లు నేను వీధి చివర కుక్కలకు వేశాను. అవి కూడా వాసన చూసి ఆలోచించాయి.

ఊరికి నేనే తోడు పోయాను. బస్సు దిగి, ఊళ్ళోకి పోయే ముందు పొలిమేర పోచమ్మ దగ్గర ఆగాం. బాపు చెప్పులు విడిచి, గద్దె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయన ఈ క్షణం కోసమే భయపడుతూ వచ్చాడని నాకు తెలుసు.

"తల్లీ, మాట తప్పిన. శిక్ష ఉంటే నాకెయ్యి. దానికెయ్యకు."

అవ్వ వెనక నిలబడి విన్నది. వచ్చి, మూట విప్పి, పొద్దున్నే నా ఇంట్లో కొట్టిన రొట్టె తీసి మూడు ముక్కలు చేసింది. ఒకటి గద్దె మీద పెట్టి, పక్కింటామెతో మాట్లాడినట్టే దేవితో మాట్లాడింది.

"ఆయన తప్పలే, నేను తినవెట్టిన. కోపమొస్తే నా మీదనే రానియ్యి. గని మూణ్ణెల్లు ఆగు. డాక్టర్ గూడ గప్పుడే చెప్తా అన్నడు. నువ్వూ గప్పుడే చెప్పు."

మిగిలిన ముక్కల్లో ఒకటి తాను తీసుకొని, ఒకటి బాపు ముందు మూట గుడ్డ మీద పెట్టింది. నోటికి అందించలేదు. బాపు గద్దె వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. అవ్వ అప్పటికే తింటోంది.

బాపు తన చేత్తో రొట్టె తుంచుకున్నాడు.